దారం కట్టిన కాయలు

మా అత్తగారి నగలు పెద్ద కోడలికి వెళ్ళాయి. నాకు ఒక డబ్బాలో చిక్కుడు గింజలు వచ్చాయి. అప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజమే. కానీ ఏటా వేసి, ఏటా కొన్ని దాచి, ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ డబ్బాను ఖాళీ కానివ్వలేదు. పొట్టి కాయ, ఊదారంగు అంచు. అంగట్లో ఎక్కడా దొరకదు. మా వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండేవి కానీ వాళ్ళు పెరళ్ళలో గదులు కట్టుకున్నాక పాదులు వేయడం మానేశారు. చివరికి ఆ రకం నా దగ్గరే మిగిలింది.

మా ఆయన పోయాక సాయంత్రం పూట బడిలో పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళాను. చెప్పే టీచరమ్మకు నా చిన్న కూతురి వయసు. నా వేళ్ళు పట్టుకుని దిద్దించేది.

"కొడవలి పట్టినట్టు పట్టకు పెద్దమ్మా, పెన్సిలేమీ పారిపోదు" అని నవ్వేది. ఆ పిల్ల నవ్వితే నాకు సిగ్గు వేసేది కాదు. రెండేళ్ళలో గోడ మీద రాతలు, మందు సీసా మీద పేరు, అన్నీ చదివేయగలిగాను. ఆమె మీద నాకున్నది గౌరవం అంటే తక్కువే అవుతుంది.

ఒకరోజు ఆమే అడిగింది. "పెద్దమ్మా, తిండి ఎలా పండుతుందో పిల్లలకు చెప్పమని కొత్తగా ఒక పీరియడ్ పెట్టారు. నాకేమో మెంతికూరకీ కొత్తిమీరకీ తేడా తెలీదు. నువ్వు రా."

"నిన్నగాక మొన్న 'అ' దిద్దినదాన్ని, నేను పాఠం చెప్పడమేంటమ్మా?"

"నేను నీ చేత దిద్దించాను, నువ్వు వాళ్ళ చేత తవ్వించు. సరికి సరి."

అలా ముప్ఫై ఇద్దరు పిల్లలకు నేను చిక్కుడు అమ్మమ్మనయ్యాను. మనిషికొక గింజ చొప్పున బడి వెనక గోడ వారన వేయించాను. ఆ పిల్లలది మామూలు ప్రేమ కాదు. పొద్దున ఒక చెంబు, ఆటల బెల్లుకు ఒక చెంబు, ఇంటికెళ్ళేటప్పుడు ఒక చెంబు నీళ్ళు పోశారు. వారానికి గింజలన్నీ కుళ్ళిపోయాయి. కొందరు ఏడ్చారు. చేసేదేముంది, డబ్బాలో మిగిలినవన్నీ తెచ్చి మళ్ళీ వేయించాను. ఈసారి చెంబులు నా దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మమ్మా, కాయ లోపల గింజలు ఎవరు పెడతారు?" అన్నాడొక బొద్దు పిల్లాడు.

"నీ నోట్లో పళ్ళు ఎవరు పెట్టారురా?"

"వచ్చాయి!"

"ఇవీ అంతే, వచ్చాయి."

పాదు పందిరెక్కింది, కాసింది. వారం వారం కోసి బడి వంటలోకి ఇచ్చాం. కాపు తగ్గుతుండగా అసలు పాఠం మొదలుపెట్టాను. తినే కాయ వేరు, విత్తనం కాయ వేరు. మా అత్తగారి చిన్నతనంలో వానల్లేని ఏడాది ఇంట్లో పొయ్యి వెలగకపోయినా, దూలానికి కట్టిన విత్తనాల మూట వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదట. ఆ మాట చెబితే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. "ఆకలేసినా?" అంది కళ్ళజోడు పిల్ల. "ఆకలేసినా" అన్నాను.

తలొక మంచి కాయ ఎంచుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న దారం కట్టారు. రిబ్బను ముక్కలు, చీర అంచులు, బూటు లేసు, ఏది దొరికితే అది. పాదు మీదే ఎండాలి, తర్వాత ఎవరి గింజలు వాళ్ళవి, దారం కట్టకుండా వదిలిన కాయలవి నా డబ్బాకు. అట్ట మీద నా చేత్తో రాసి పందిరికి వేలాడదీశాను: 'ఇవి విత్తనానికి. తినకూడదు.' పదిమంది చూసేలా నేను రాసిన మొదటి రాత అది. టీచరమ్మ చదివి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ కాయలకు నాదీ పూచీ పెద్దమ్మా" అంది.

అప్పుడే పీరియడ్ ఎలా జరుగుతోందో చూడడానికి పై అధికారులు వస్తున్నారన్నారు. వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే టీచరమ్మ నన్ను పిలిచింది.

"రెండు పూలకుండీలు కావాలి పెద్దమ్మా. మొక్కలు ఎంచడం నీకొచ్చినట్టు ఇంకెవరికొస్తుంది? ఊరవతల మొక్కల తోటకు వెళ్ళిరా."

ఆ మాటకు పొంగిపోయి బస్సెక్కాను. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. వచ్చినవాళ్ళ కారు గేటు దాటిపోతోంది. కుండీలు మోసుకుంటూ వెనక్కి వెళ్తే పందిరికి ఒక్క కాయ లేదు. నా అట్టా లేదు. వంటగది గుమ్మం పక్క చెత్తబుట్టలో చిక్కుడు తొక్కలు, వాటి మధ్య రంగురంగుల దారాలు.

వంటావిడ గిన్నెలు తోముకుంటోంది. "ఏం రుచి వదినా నీ గింజలు! వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారనుకో."

"కోయమని ఎవరు చెప్పారు?"

"అదేంటి, నువ్వే సరేనన్నావట కదా! టీచరమ్మ నిన్న సాయంత్రమే చెప్పింది, రేపు చిక్కుడు గింజలు ఉడికించాలని."

నిన్న సాయంత్రం. ఇవాళ పొద్దున పూలకుండీలు. కుండీలు అక్కడే మెట్టు మీద దించేశాను.

టీచరమ్మ వరండాలోనే ఉంది. మొహం వెలిగిపోతోంది. నన్ను చూసి గొంతు తగ్గించింది. "ఏం చెయ్యను పెద్దమ్మా, ఇంకో అరగంటలో వస్తున్నామని ఫోన్ చేశారు. తోట చూపించి, తినడానికేమీ పెట్టకపోతే ఏం బాగుంటుంది? పీరియడ్ ఎత్తేస్తారేమోనని హడలిపోయాను."

"అరగంట ముందా?" అన్నాను. ఆమె కళ్ళు దించుకుంది.

ఇంతలో పిల్లలు చుట్టూ మూగారు. బొద్దు పిల్లాడు నా కొంగు పట్టుకున్నాడు. "అమ్మమ్మా, ఆకలేసినా తినకూడదన్నావు. మరి నువ్వే ఎందుకు కొయ్యమన్నావు?"

నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె ఒక్క మాట అంటే చాలు, గింజలు పోయినా పోనీ అనుకున్నాను. ఆమె పిల్లల వైపు తిరిగి నవ్వింది.

"అమ్మమ్మే చెప్పిందిరా. పెద్దవయసు కదా పాపం, మర్చిపోయింది."

పిల్లలు నవ్వారు. ఎగతాళిగా కాదు, ముసలివాళ్ళ మతిమరుపుకు నవ్వినట్టు ముద్దుగా నవ్వారు. కంచే చేను మేస్తే ఏడవొచ్చు. మేసింది నువ్వేనని చేను యజమానినే అంటే ఏం చెయ్యాలి?

వాళ్ళందరినీ బోడి పందిరి దగ్గరికి తీసుకెళ్ళాను. టీచరమ్మ కూడా వెనకే వచ్చింది.

"రెండో గుంజ, కింద నుంచి మూడో కణుపు, పచ్చ రిబ్బను. ఎవరిది?"

"నాది" అంది కళ్ళజోడు పిల్ల.

"గోడ మూలన ఎర్రదారం, ఏడు ముళ్ళు. విప్పలేక చచ్చాం. దర్జీ కూతురిది. ఇదిగో ఇక్కడ బూటు లేసు. ఇంట్లో తన్నులు తిన్నదెవరు?"

"నేనే" అన్నాడు బొద్దు పిల్లాడు.

అలా ముప్ఫై రెండు కాయలూ ఉన్న చోట్లు చూపించి చెప్పాను. పదోదానికే నవ్వులు ఆగిపోయాయి.

"ఇన్ని గుర్తున్నాయి కానీ, సరేనన్న మాటొక్కటే గుర్తురావట్లేదు. టీచరమ్మా, నువ్వే చెప్పు. ఎప్పుడన్నాను?"

ఆమె వాచీ చూసుకుని, బెల్లు కొట్టించడానికి వెళ్ళిపోయింది.

"టీచర్ అబద్ధం చెప్పిందా అమ్మమ్మా?" అంది దర్జీ కూతురు.

"అవునమ్మా" అన్నాను. నా చెయ్యి పట్టి దిద్దించిన మనిషి గురించి ఆ మాట అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఆమె నన్ను ఆపింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నీకు చదువు చెప్పినదాన్ని. ఒక్క మాట నాకోసం కడుపులో దాచుకోలేకపోయావా పెద్దమ్మా?"

"గింజలు తీసుకుంటే దాచుకునేదాన్నే తల్లీ. నాకు మతి లేదన్నావు చూడు, అది దాచుకునేంత పెద్ద కడుపు కాదు నాది."

తర్వాత సాయంత్రం చదువుకు వెళ్ళలేదు. పిల్లల పీరియడ్‌కు మాత్రం వెళ్ళాను. టీచరమ్మ అంగట్లో కొన్న, మందు రంగు పూసిన గింజల ప్యాకెట్లు ఎవరి చేతో పంపించింది. వేయించాను. పాదు బాగానే వచ్చింది. కాపు మొదలైన వారానికి వెళ్ళి చూస్తే పిల్లలు గింజ పట్టని పసరు కాయలన్నీ దూసేసి, పందిరి కింద కూర్చుని నములుతున్నారు.

"ఓరి మీ ఆత్రం కూల! విత్తనానికి రెండు ఉంచండర్రా" అన్నాను.

"ఎందుకు అమ్మమ్మా, ఉంచితే పెద్దవాళ్ళు తినేస్తారు" అంది కళ్ళజోడు పిల్ల. ఆ పిల్ల మొహంలో కోపమేమీ లేదు. పక్కకు జరిగి నాకు చోటిచ్చి, తన ఒళ్ళోంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది.