బయ్యారం వంతు

మూడో షిఫ్ట్ బ్యాండు భూపాలపల్లిలో పాడుతుందంటే, గిటారు మోగకముందే ఒక పని జరగాలి. ఆ పని బ్యాండుది కాదు, అభిమానులది. వాళ్లలో ఒకరు స్టేజీ ఎక్కి, మైకు లేకుండా, "దిగినోళ్లు ఎక్కిండ్రా?" అని అరవాలి. మైదానమంతా ఒక్క గొంతుతో "ఎక్కినం!" అనాలి. మూడుసార్లు పిలవొచ్చు. మూడింటిలో ఒక్కదానికి జవాబు వచ్చినా లైట్లు వెలుగుతాయి, డ్రమ్ము మోగుతుంది. రాకపోతే పిలిచే హక్కు ఇంకో ఊరికి పోతుంది. బ్యాండులోని నలుగురూ గని కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాళ్లు. గనిలోకి దిగినవాళ్ల కోసం ఎదురుచూసే ఇళ్లలో పుట్టిన మాట అది. ఇప్పుడు అభిమానులకు ఆచారమైంది. వాళ్లు తమను తాము షిఫ్టోళ్లమని చెప్పుకుంటారు. కొత్తగా కలిసినవాళ్ల చెంప మీద పాతవాళ్లు బొగ్గుతో గీత గీస్తారు.

ఈసారి పిలుపు బయ్యారానికి వచ్చింది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి షిఫ్టోళ్లు బస్సు నింపుకుని వస్తారు. బయ్యారం వాళ్లంతా కలిసినా ఒక్క తుఫాన్ బండి నిండదు. అందుకే అందరూ వాళ్లను 'తుఫాన్ బ్యాచ్' అని ఏడిపిస్తారు. ఆ బ్యాచుకు పెద్ద సౌందర్య. తండా నుంచి వచ్చి డిగ్రీ పూర్తి చేసి, మహబూబాబాద్‌లో జిరాక్స్ సెంటర్ నడుపుతోంది. పిలిచేది తనే. నెల రోజులుగా చెలక గట్టున నిలబడి అరిచి అరిచి సాధన చేసింది. పక్క చెలకలో పత్తి ఏరేవాళ్లు మొదట్లో ఏ పామో కరిచిందని పరుగెత్తుకొచ్చారు. తర్వాత అలవాటు పడి, వాళ్లే "ఎక్కినం పో!" అని జవాబివ్వడం మొదలుపెట్టారు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం, తండ్రి రాంచందర్ తన తుఫాన్‌ను ఇంటి ముందుకు తెచ్చి ఆపగానే సౌందర్య అందరికీ గట్టిగా చెప్పింది.

"ఎవ్వలు పాడొద్దు. గొంతులు దాసుకోండ్రి. ఇయ్యాల మన వంతు."

గూడూరు దాటేదాకా అందరూ బుద్ధిగానే కూర్చున్నారు. అప్పుడు బ్యాచులోని ప్రేమ్‌సింగ్ ఫోన్ చూసి సీట్లోంచి లేచాడు.

"అక్కా! కొత్త పాట ఇడిసిండ్రు! ఇప్పుడే!"

"పెట్టు, పెట్టు. ఒక్కసారి ఇందాం. పాడొద్దు మల్ల."

మొదటిసారి విన్నారు. రెండోసారి పెదవులు కదిలించారు. మూడోసారికి అతని పక్కనున్న కవిత సీటు మీద దరువేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు. నర్సంపేట వచ్చేసరికి బండి బండంతా ఊగిపోతోంది. అందరికంటే పెద్దగా అరుస్తున్నది ఎవరయ్యా అంటే సౌందర్యే.

"బిడ్డా, జర మెల్లగ," అన్నాడు రాంచందర్ నవ్వుతూ. "అద్దాలు పలుగుతే బాగుచేపిచ్చుకునేది నేనే."

భూపాలపల్లిలో దిగి, మైదానం పక్కనున్న కొట్లో నీళ్ల సీసా అడగబోయింది సౌందర్య. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. గీరినట్టు చిన్న చప్పుడు. కవిత వైపు తిరిగింది. కవిత ఏదో అనబోతే కప్ప బెకబెకమన్నట్టు వచ్చింది. ప్రేమ్‌సింగ్ గొంతు మరీ ఘోరం. బండిలో పాడిన అందరిదీ అదే కథ. పొద్దుగూకగానే పిలవాలి, దానికి ఇంకా కాసేపే ఉంది.

వార్త మైదానమంతా పాకింది. తలా ఒక వైద్యం మోసుకొచ్చారు. ఒకరు మిరియాలు బుగ్గన పెట్టుకోమన్నారు. ఒకరు బెల్లం తెచ్చారు. క్వార్టర్ల నుంచి గట్టమ్మ అనే పెద్దావిడ వేడి ఉప్పునీళ్లు తెచ్చి, "పుక్కిలియ్యి బిడ్డా, మింగకు" అని దగ్గరుండి చూసింది. ఘన్‌పూర్ షిఫ్టోళ్ల పెద్ద సురేందర్ కూడా అల్లం చాయ్‌తో వచ్చాడు.

"తాగు చెల్లె. సల్లారకముందే తాగు. గొంతొస్తే మంచిదే. రాకుంటే పరేషాన్ గాకు, తర్వాత వంతు మాదే, పిలవనీకె మా తనూజ రెడీగున్నది."

"నీ చాయ్‌ల ఏం గలిపినవ్ అన్నా?" అంది కవిత, ఉన్న కాస్త గొంతుతో.

"మా ఊరి పాలు గలిపిన. మస్తు చిక్కగుంటయి, మీ తుఫాన్ బ్యాచ్ తీర్గ గాదు."

ఆ బాధలో కూడా అందరూ నవ్వారు. ప్రేమ్‌సింగ్ మాత్రం రాంచందర్ చెయ్యి పట్టుకుని చెవిలో గుసగుసలాడాడు.

"కాకా, నువ్వొక్కనివే పాడలే. నువ్వే ఒర్లు, మన ఊరి పేరు నిలవడ్తది."

రాంచందర్ తల అడ్డంగా ఊపాడు. "నేను డ్రైవర్ను రా, షిఫ్టోన్ని గాదు. గీత లేని చెంపతోని పిలుస్తే మీరే రేపు నన్ను తిడ్తరు. అది పిలుస్తది. దాని వంతు అది."

చీకటి పడుతుండగా సౌందర్య స్టేజీ ఎక్కింది. కింద జనం కిక్కిరిసి ఉన్నారు. వరుసలు వరుసలుగా ముఖాలు, చెంపల మీద నల్లటి గీతలు.

రొమ్ము నిండా గాలి పీల్చి పిలిచింది. పిలిచానని తనకు తెలుసు, ఎవరికీ వినపడలేదు.

"మొదలువెట్టిందా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

రెండోసారి నరాలు ఉబ్బేలా పిలిచింది. గొంతులో మంట పుట్టింది. ముందు వరుసలో ఉన్నవాళ్లకు గరగరమన్న చప్పుడు మాత్రం అందింది. ఘన్‌పూర్ వాళ్లు నిలబడింది అక్కడే. తనూజ అప్పటికే చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. ఇక ఒక్క పిలుపు. అదీ పోతే బయ్యారం మళ్లీ ఎన్నేళ్లు ఎదురుచూడాలో.

సౌందర్య కళ్లు తుడుచుకుంది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ఉన్నదంతా పెట్టి మూడోసారి పిలిచింది. ఈసారి గరగర కూడా రాలేదు.

సురేందర్ ఆమె పెదవులనే చూస్తున్నాడు. ఒక్క క్షణం తనూజ వైపు చూశాడు. తర్వాత తల పైకెత్తి, మెడ నరాలు తేలేలా అరిచాడు.

"ఎక్కినం!"

"అన్నా!" అంది తనూజ బిత్తరపోయి. మరుక్షణం తనూ అరిచింది. "ఎక్కినం!"

ఆ మాట వరుస నుంచి వరుసకు అంటుకుంది. వెనకవాళ్లకు పిలుపు ఎప్పుడు వచ్చిందో తెలియదు, జవాబు మాత్రం తెలుసు. మైదానం మొత్తం "ఎక్కినం!" అని హోరెత్తింది. స్టేజీ చెక్కల అదురు సౌందర్య అరికాళ్లకు తగిలింది. లైట్లు ఒక్కసారిగా వెలిగాయి, డ్రమ్ము పిడుగులా పడింది. ఆమె ఎగిరి కిందికి దూకింది. కవిత, ప్రేమ్‌సింగ్ ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పేశారు.

"నీకు ఇనవడ్డదా?" అని సురేందర్ చెవిలో గుసగుసగా అడిగింది. అంతకంటే గొంతు లేదు.

"ఏం ఇనవడలే. గంత కష్టపడి పిలుస్తున్నవని కనవడ్డది. మల్లొచ్చేటప్పుడు నోట్ల గుడ్డ కుక్కుకోని రాండ్రి!"

దారిలో విన్న కొత్త పాట మొదలైంది. చుట్టూ అందరూ పాడుతున్నారు, ఎగురుతున్నారు. మూడో షిఫ్ట్ పాట వస్తుంటే నోరు మూసుకుని నిలబడటం సౌందర్యకు ఎన్నడూ జరగలేదు. తన గొంతు అడ్డం లేకపోయేసరికి అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి. బేసు గిటారు కింద నుంచి తవ్వుకొస్తోంది. గట్టమ్మ పళ్లెం మోగిస్తోంది. ఇంకొకటి కూడా వినిపించింది. ఘన్‌పూర్ వాళ్ల చప్పట్లు డ్రమ్ము కంటే ముందే పడుతున్నాయి! ఇన్నేళ్ల నుంచీ ఇలాగే కొడుతున్నారా వీళ్లు?

చెప్పబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏందీ?" అని అరిచాడు సురేందర్.

ఇక లాభం లేదని అతని రెండు మణికట్లూ గట్టిగా పట్టుకుంది. డ్రమ్ము పడేదాకా ఆపి, పడగానే దగ్గరికి కొట్టించింది. మళ్లీ ఆపింది, మళ్లీ కొట్టించింది.

"ఓహో!" అన్నాడు సురేందర్, ముఖం వెలిగిపోతూ. వెనక్కి తిరిగి తన బస్సు జనం మీద కేకేశాడు. "ఆగుండ్రి రా! మనకంటె ముందు డ్రమ్మోన్ని కొట్టనియ్యుండ్రి!"