దిగుతున్న మంచం

పొద్దున్నే డ్యూటీకి రాగానే పెద్ద సిస్టరు చేసే మొదటి పని, వార్డు గుమ్మంలో నిలబడి మంచాల వరస చూసుకోవడం. పేషెంట్ల మొహాలు ఆ తర్వాతే. మంచాలన్నీ ఒకే ఎత్తులో ఉంటే హమ్మయ్య అనుకుని చేతులు కడుక్కునేది. ఏదైనా దిగినట్టు కనిపిస్తే ఆ రోజంతా ఆమె గుండెలో రాయే.

ఆ రోజు కిటికీ పక్క మంచం బాగా దిగింది. నిన్న ఆమె నడుము దాకా ఉన్నది ఇవాళ మోకాలి దగ్గరికి వచ్చేసింది. ఇనప కాళ్ళు బురదలోకి పోయినట్టు గచ్చులోకి పోయాయి. గచ్చు మాత్రం ఎక్కడా బీటవారలేదు.

"మళ్ళీ దిగిందమ్మా," అంది ఊడ్చే ఆయమ్మ, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా.

"చూశాను," అంది పెద్ద సిస్టరు.

ఆ ఆస్పత్రిలో అది అందరికీ తెలిసిందే. ఆపరేషనయ్యాక మనిషి కోలుకునే వైపు తిరగకపోతే మంచం దిగుతుంది. నేలతో సమానమైన మంచం మీంచి ఇంతవరకు లేచినవాళ్ళు లేరు. డాక్టరు గారు కూడా మంచం ఎంత దిగితే అంత వంగి చూసేవాడు. "నడిపించండి సిస్టర్. ఇలాగే పడుకుంటే కఫం పట్టేస్తుంది, పేగు కదలదు," అని చెప్పి పక్క మంచానికి పోయేవాడు.

ఆ మంచం మీదున్నది ఒక టైలరు. పేగు మెలిపడితే కడుపు కోసి సరిచేశారు. ఆపరేషను బాగానే అయింది, జ్వరం కూడా లేదు. వచ్చిన చిక్కల్లా, కట్టు మార్చేటప్పుడు ఆయన తలెత్తి తన కుట్లు తను చూసుకున్నాడు.

"ఎవరమ్మా కుట్టింది?"

"డాక్టరు గారే, బాబాయ్."

"ఇంతింత ఎడంగానా? దిండు గలీబుకైనా నేనిలా వెయ్యను. చొక్కాకి ముందు పైపైన వేసినట్టు టాకాలేసి వదిలేశాడు. నేను లేచానంటే పేగులన్నీ ఒళ్ళో పడతాయి."

"ఇంకొకడు కుట్టింది ఈయనకి ఏనాడు నచ్చింది గనక!" అంది ఆయన భార్య. "పొరుగు కొట్టువాడి చొక్కాలైపోయాయి, ఇప్పుడు సొంత పొట్టకి వంకలు పెడుతున్నాడు." నవ్వుతూనే అంది గాని, చూపు మంచం కాళ్ళ మీదే ఉంది.

అప్పట్నుంచి ఆయన కొయ్యలా బిగుసుకుపోయాడు. గట్టిగా ఊపిరి కూడా తీసుకోడు. పెద్ద సిస్టరు మోకాళ్ళ మీద కూర్చుని వేడినీళ్ళ గుడ్డతో వీపు తుడిచేది, పెదాలు తడిపేది. తువ్వాలు మడిచి పొట్ట మీద అదిమిపట్టి, "ఒక్కసారి దగ్గండి బాబాయ్, నేను పట్టుకున్నాగా," అని బతిమాలేది. ఆయన పిల్లికూనలా ఒక చిన్న దగ్గు దగ్గి ఊరుకునేవాడు.

మధ్యాహ్నం భోజనాల బండి వెళ్ళేసరికి మంచం నేలకి బెత్తెడు ఎత్తులో ఉంది. ఆయన రొమ్ములో గురగుర మొదలైంది. భార్య ఎకసెక్కాలు ఆగిపోయాయి.

"అమ్మా, ఇంకో మంచం మీదకి మార్చకూడదూ?"

"ఇదివరకు ఒకాయన్ని మార్చి చూశాం పిన్నీ. అదీ దిగింది."

పెద్ద సిస్టరు చెప్పులు పక్కన విడిచి నేల మీద చతికిలబడింది.

"కుట్లు ఊడిపోతాయనే గదా మీ భయం? వాటిని ఎలాగూ మేమే తీసేస్తాం బాబాయ్."

ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి. "తీసేస్తారా! మరి పట్టి ఉంచేదేంటి? మీసం రానప్పట్నుంచి గుడ్డ కోస్తున్నానమ్మా. కత్తెర పడ్డ గుడ్డ దానంతటది అతుక్కోవడం నేనెన్నడూ చూళ్ళేదు. దారం తీస్తే రెండు ముక్కలే."

ఇన్నాళ్ళూ ఆమె నడవమని బుజ్జగించింది, కసిరింది. ఈ మనిషి తనని తాను గుడ్డ అనుకుంటున్నాడని మాత్రం తట్టలేదు.

తన యూనిఫాం చెయ్యి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి మచ్చ.

"చిన్నప్పుడు రేకు గీరుకుపోతే మా నాన్న కుట్లు వేయించాడు. దారం ఎక్కడుందో చూపించండి."

ఆయన ఆ చెయ్యి అందుకున్నాడు. బొటనవేలితో మచ్చ పొడుగునా తడిమాడు. చెయ్యి తిప్పి అవతలి వైపు చూశాడు. మచ్చకి అటూ ఇటూ చర్మం పట్టుకుని, అతుకు నాణ్యం చూసినట్టు గట్టిగా లాగాడు. ఆమెకి నొప్పి పుట్టింది, పళ్ళు బిగబట్టింది.

"దారం లేదే," అన్నాడు.

"లేదు."

"గట్టిగానే ఉందే!"

"మీకూ లోపల అతుకు పడుతోంది. పిన్నీ, అటు పట్టుకో. తువ్వాలు పొట్టకి అదమండి బాబాయ్. పక్కకి తిరగండి. మోచేతి మీద లేవండి."

అప్పటికే దుప్పటి అంచు గచ్చుని తాకింది. తాకినచోట గచ్చు మెత్తగా, నీళ్ళలా కదిలింది. ఆయన "ఓరి నాయనో!" అని పెట్టిన కేకకి వార్డంతా ఇటు తిరిగింది. ఆమె తన మెడ చుట్టూ ఆయన చెయ్యి వేయించుకుని బరువంతా ఎత్తుకుంది. వంకరగానో టింకరగానో నిలబడ్డాడు.

మొదటి అడుగు చీలమండ దాకా గచ్చులోకి దిగింది.

"లాగండి!"

లాగాడు. రెండో అడుగూ దిగింది, కాస్త తక్కువగా. వెనకాల మంచం, పరుపూ దిండుతో సహా, చప్పుడు లేకుండా కిందికి పోయింది. గచ్చు నున్నగా మూసుకుంది. పక్క మంచం మీదాయన కాళ్ళు దగ్గరకి ముడుచుకున్నాడు.

"ఏంటది?" అన్నాడాయన.

"ఏం లేదు. ముందుకి చూడండి," అంది పెద్ద సిస్టరు.

వరండాలోకి వచ్చేసరికి పాదాలు గచ్చు మీదే ఆనుతున్నాయి. ఆయన ఒక చేత్తో పొట్ట పట్టుకున్నాడు, రెండో చేత్తో ఆమె చెయ్యి. బొటనవేలు ఆ మచ్చ మీద అటూ ఇటూ పాకుతూనే ఉంది. దారం కొస దొరికితే లాగేసేలా ఉన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.