మంచు వేడి చూసే తీగలు

జనార్దన్ పన్నెండో తీగను పెట్టె పక్క రంధ్రంలోకి తోసి, చుట్టూ మైనం అదిమాడు. పెట్టెకు మూడువైపులా రేకు, ఒకవైపు అద్దం. లోపల నిండా ఉప్పునీళ్లు. ఐసుపుల్లల బండి నుంచి ఊడదీసిన పాత కంప్రెసరు కింద రొప్పుతోంది. పైనుంచి మంచు కడుతుంది, ఉప్పు మంచులోకి పోకుండా కింది నీళ్లలో మిగిలిపోతుంది, ఆ మంచును కరిగిస్తే తాగే నీళ్లు. కోరుట్ల కాలేజీ ఫిజిక్స్ సారుకు మూడేళ్లుగా ఇదే పిచ్చి. ఏ ఎత్తున ఎంత చల్లగా ఉందో మీటరుకు చేరవేయడానికే ఈ తీగలు.

రేపు హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారు. లెక్కలు కుదిరితే సారు పనికి డబ్బు మంజూరు, పదమూడేళ్లుగా టెంపరరీ అటెండరుగా ఉన్న జనార్దన్‌కు పర్మినెంటు. సిరిసిల్లలో ఉన్న భార్య సరోజనకు ఆ మాట అప్పుడే చెప్పేశాడు. అంత తొందర అతనికి ఎప్పుడూ లేదు, ఈసారే పడ్డాడు.

మధ్యాహ్నానికి మంచు నాలుగో తీగను దాటి దిగింది. అద్దంలోంచి కనబడుతూనే ఉంది. మీటరు ముల్లు మాత్రం సున్నాకు పైన ఏడు దగ్గర నిలబడింది.

“మీటరే ఖరాబైనట్టుంది,” అని సారు బ్యాటరీ మార్చాడు. ముల్లు కదలలేదు. ఆయన తల పట్టుకుని క్లాసుకు వెళ్లిపోయాడు.

జనార్దన్ నాలుగో తీగను బయటికి లాగి చూశాడు. తప్పు తెలిసిపోయింది. ఒక్కో తీగలో రెండు పోగులుంటాయి, రెండు రకాల లోహాలు. అవి మొదట ఎక్కడ తాకితే అక్కడి వేడే మీటరుకు పోతుంది. మొనలు మాత్రమే కలవాలని సారు మొదటిరోజే చెప్పాడు. కానీ ఇరవయ్యేళ్ల దాకా మగ్గం మీద కూర్చున్న మనిషి. తెగిన పోగు అతకాలంటే రెండు కొసలనూ బారుగా మెలివేయాలి, లేకపోతే నేతలో ఊడిపోతుంది. చెవులు విన్నాయి, వేళ్లు వినలేదు. పన్నెండింటినీ నాలుగు వేళ్ల పొడుగున చక్కగా మెలివేశాడు. ముల్లు చూపిస్తున్నది మంచును కాదు, పక్కనున్న వెచ్చటి రేకును.

మెలి కత్తిరించి, మొనలు కరిగించి, బియ్యపుగింజంత బొట్టుగా అతకాలి. లాబులో గ్యాసు అయిపోయి నెల దాటింది. సిరిసిల్లలో ఇంటిపక్క నగలు చేసే అవుసలి కిష్టయ్య దగ్గర మంట ఉంది. రేపు మొదటి బస్సుకు వచ్చి బిగిస్తే సరి. సారుకు చెబితే తిట్టడు, జాలిపడతాడు. అది జనార్దన్‌కు ఇష్టం లేదు. తీగలన్నీ పీకి రంధ్రాలను మైనంతో మూసి, తీగలను చుట్టచుట్టి సద్దిగిన్నెలో పెట్టాడు.

వరండాలో సారు ఎదురయ్యాడు. “ఇంటికి పోతున్నవా? కాలేజీ కాగితం రాసియ్యనా? తొవ్వ పొడుగునా నక్సలైట్ల కోసం తనిఖీలున్నయట.”

“వద్దు సార్. సద్దిగిన్నె తప్ప నా సంచిల ఏముంటది? పొద్దుగాల్లనే అస్త.”

నాలుగున్నర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు తీయించారు. సద్దిగిన్నె మూత తీసిన పోలీసు తీగల చుట్టను లాఠీ కొసతో పైకెత్తాడు.

“ఏంది గీ వైర్లు?”

“మంచు వేడి చూసేటియి సార్.”

“మంచుకు వేడేందిరా?”

ముందుసీట్లో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. “కాలేజీల పనిచేస్త సార్. రేపు పొద్దుగాల్ల పెట్టాలె,” అన్నాడు జనార్దన్.

“కాగితముందా?”

లేదన్నాడు. దిగమన్నారు, దిగాడు. అతనికి భయం కూడా వేయలేదు. ఎనిమిదింటికి కిష్టయ్య దుకాణం మూస్తాడని ఒక్కటే అనుకున్నాడు. జీపు ఒకవైపు, బస్సు ఒకవైపు వెళ్లిపోయాయి.

మర్నాడు పెద్దవాళ్లు వచ్చి, మైనం ఊడి పన్నెండు రంధ్రాల్లోంచి నీళ్లు కారుతున్న పెట్టెను చూసి, టీ తాగి వెళ్లారు. బస్సులోని వాళ్ల ద్వారా సంగతి తెలిసిన సారు, జనార్దన్ మా కాలేజీ అటెండరని కాగితం రాసి స్టేషనుకు పట్టుకుపోయాడు. టెంపరరీ అన్న మాట అందులో రాయలేదు. ఆ పేరుగల మనిషి ఇక్కడ లేడన్నారు.

మూడోరోజు పేపర్లో, ఎదురుకాల్పుల్లో గుర్తుతెలియని వ్యక్తి మృతి అని రెండు వరుసలు వచ్చాయి. సరోజన పోయి చూసి, తన మనిషేనని చెప్పింది.

బస్సెక్కగానే చెప్పులు విడిచి, కాళ్లు సీటు మీదికి ముడుచుకోవడం జనార్దన్‌కు అలవాటు. ఆ రోజు సీటు కింద దొరికిన జతను కండక్టరు సిరిసిల్ల బస్టాండులో ఇచ్చాడు. కంట్రోలరు బల్ల కింద అవి వానాకాలం దాకా ఉన్నాయి, కుడిదానికి కొత్తగా కుట్టించిన తోలు వారుతో.