శేషుకుమారి గారి గైర్హాజరు

ఆ శనివారం పొద్దున పది గంటలకి కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో గోపాలరావు గారి గరాజ్‌లో పెద్దల సభ కొలువు తీరింది. కారుని ముందే రోడ్డు మీదకి తోలేశారు. నడిమధ్యలో ఇరవై కిలోల సోనామసూరి బస్తా, దాని మీద ఎర్ర శాలువా కప్పుకుని సభాధ్యక్షులు గోపాలరావు గారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ప్రభువుల సభ అధ్యక్షుడు ఉన్ని బస్తా మీద కూర్చునేవాడట. ఇక్కడ బియ్యం బస్తా ఎందుకంటే, ఉన్నిని సభ అయ్యాక వండుకోలేం కదా అని ఆయన భార్య శేషుకుమారి గారు అన్నారు కాబట్టి. ఈ సభ చరిత్రలో తెలివైన మాట ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ఒక సంఘం, ముగ్గురు కలిస్తే రెండు సంఘాలు అని ఊరికే అనరు. ఏడేళ్ళ కిందట ఉగాదికి బొబ్బట్లా, పిజ్జాలా అనే దగ్గర మొదలై, ఇక్కడి తెలుగు సంఘం నిలువునా చీలిపోబోయింది. గోపాలరావు గారు అప్పుడే గవర్నమెంటు ఉద్యోగంలో రిటైరై, పాత పుస్తకాల సంతలో ఒక లావుపాటి పుస్తకం కొనుక్కున్నారు. నాలుగు శతాబ్దాల నాటి ప్రభువుల సభలో ఏ రోజు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఏ బిల్లు ఎన్నోసారి చదివారు అన్నవి తప్ప అందులో ఇంకేమీ లేవు. మామూలు మనిషి రెండు పేజీలు చదివి నిద్రపోతాడు. ఈయన మూడుసార్లు చదివి, సంఘానికి మందు దొరికిందన్నారు. పెద్దవాళ్ళకి గరాజ్‌లో ఒక సభ, కుర్రాళ్ళకి పెరట్లో పందిరి కింద ఒక సభ. గోడకి ఇవతల దగ్గితే అవతల వినిపిస్తుంది. అయినా దూతలు వచ్చి మూడుసార్లు వంగి చెప్పేదాకా ఏ సభకీ ఏమీ తెలియనట్టే.

పెద్దల సభలో సభ్యులు ఐదుగురు. బ్రహ్మయ్య గారు కళ్ళు మూసుకుని శుక్లాంబరధరం చదివారు. ఆయన కళ్ళు ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం కాబట్టి, హాజరు చిట్టా రాసే శ్యామసుందరి గారు ఆగకుండా పేర్లు పిలిచారు. బ్రహ్మయ్య గారు ఉన్నారు. పాండురంగ గారు ఉన్నారు. శ్యామసుందరి గారు తన పేరు తనే పిలుచుకుని, తనే పలికారు.

"శేషుకుమారి గారు... విదేశాల్లో ఉన్నారు. సభ మన్నించింది," అని రాసుకుని చెయ్యి చాపారు. శేషుకుమారి గారు ఆ చేతిలో కాఫీ గ్లాసు పెట్టారు.

ఇది చదివేవాళ్ళకి వింతగా ఉంటుంది కానీ, అక్కడున్నవాళ్ళకి ఎప్పుడో అలవాటైపోయింది. మూడేళ్ళ కిందట విజయవాడలో చెల్లెలికి ఆపరేషన్ అంటే శేషుకుమారి గారు ఆరు వారాలు వెళ్ళారు. వెళ్ళేముందు గోపాలరావు గారు సూట్‌కేసు మీద కాగితం పెట్టి సంతకం చేయించుకున్నారు. ఊళ్ళో లేని సభ్యుడు తన ఓటుని ఇంకో సభ్యుడి చేతిలో పెట్టి వెళ్ళొచ్చని పుస్తకంలో ఉంది. దాన్ని ప్రాక్సీ అంటారు. తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్న క్షణాన అది చెల్లదు. ఆవిడ తిరిగొచ్చారు. కూర్చోవడమే కుదరలేదు. మొదటి శనివారం ప్రయాణపు బడలిక, రెండో శనివారం పెసరట్లు, మూడో శనివారం ఇంకేదో. సభ అన్నాక టిఫిను ఉండాలి, టిఫిను అన్నాక వంటింట్లో మనిషి ఉండాలి. వంటిల్లేమో సభ హద్దుకి అవతల. హద్దంటే గుమ్మం దగ్గర నేలకి అంటించిన పసుప్పచ్చ టేపు. ఆవిడ కాళ్ళు టేపుకి అవతలే ఉంచి, చెయ్యి మాత్రం ఇవతలికి చాపి మూడేళ్ళుగా కాఫీలు అందిస్తున్నారు. నవ్వొచ్చేది ఆవిడకి కూడా. పోనిద్దూ, మగవాళ్ళ ఆటలు అనుకునేవారు. ఏడేళ్ళలో ఆ సభ చేసిన చట్టం ఒక్కటే, మడత కుర్చీలు ఎవరివి వాళ్ళే మడవాలని. అది కూడా అమలుకాలేదు.

అంతలో తలుపు చప్పుడైంది. కుర్రాళ్ళ సభ దూత ఆదిత్య. ముప్పై రెండేళ్ళ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు, నిక్కరు వేసుకుని, బార్బీ, అదే బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు తిప్పే పట్టకారు పట్టుకునే వచ్చాడు. మూడుసార్లు వంగాడు. పెరటి అభివృద్ధి బిల్లు మూడో పఠనానికి, అంటే ఆఖరి ఓటుకి వచ్చిందనీ, ప్రభువులు దయచేసి త్వరగా తేల్చాలనీ విన్నవించాడు.

"ఎందుకంటే అంకుల్, సారీ, ప్రభువులారా, కాంక్రీట్ ట్రక్ దిస్ ఆర్వో, అదే మధ్యాహ్నం టూకి బుక్ అయిపోయింది. మళ్ళీ స్ప్రింగ్ దాకా డేట్ లేదు," అన్నాడు.

పెరట్లో కంచె పక్కనున్న ఖాళీ స్థలంలో కాంక్రీటు పోసి, శాశ్వతమైన బార్బీ కట్టాలన్నది బిల్లు. శేషుకుమారి గారు ఉప్మా గరిటెతో టేపు దగ్గర ఆగిపోయారు. వాళ్ళు ఖాళీ స్థలం అంటున్నది ఆవిడ గోంగూర మడి. మొదటి పఠనమప్పుడూ విన్నారు, రెండోదప్పుడూ విన్నారు. ఈ సభ చేసింది ఇంతవరకూ ఏదీ అమలు కాలేదన్న ధీమాతో ఊరుకున్నారు. సిమెంటు లారీ వస్తుందని ఎవరు అనుకున్నారు?

కాన్‌బెర్రాలో గోంగూర అంటే గుంటూరులో మంచు లాంటిది. ఇండియా నుంచి విత్తనం తెస్తే ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు. పదేళ్ళ కిందట బ్రిస్బేన్ వెళ్ళినప్పుడు అక్కడి సన్నీబ్యాంక్ అనే పేటలో ఒకావిడ గుప్పెడు విత్తనాలు చేతిలో పోసింది. మొదటి ఏడు వేసిన నలభై మొక్కల్లో ముప్పై తొమ్మిది చలికి చచ్చాయి. బతికిన ఒక్క మొక్క విత్తనం మళ్ళీ వేశారు. దాని విత్తనం మళ్ళీ. ఇక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్ వస్తే రాత్రిళ్ళు దుప్పట్లు కప్పుతూ, తెల్లారి తీస్తూ, ఈ చలికి ఓర్చుకునే విత్తనాన్ని తొమ్మిదేళ్ళలో తయారుచేశారు. ఇప్పుడు మడిలో కాయలు పచ్చిగా ఉన్నాయి. ఇంకో మూడు వారాలు నిలిస్తేనే విత్తనం. సీసాలో పాత గింజ ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ ఈ ఏడు చల్లేశారు. రెండింటికి కాంక్రీటు పడితే తొమ్మిదేళ్ళూ దాని కిందకే పోతాయి.

లోపల చర్చ నడుస్తోంది. పాండురంగ గారు లేచి, "గోంగూరదేముంది, దుకాన్ల ఫ్రోజెన్ దొరుకుతది. నాకు మోకాళ్ళ నొప్పులు, గడ్డిల నిలవడి చికెన్ తినుడు నాతోని అయితలేదు," అన్నారు. బ్రహ్మయ్య గారు కళ్ళు తెరవకుండానే ఆయన్ని బలపరిచారు. శ్యామసుందరి గారు వ్యతిరేకం. గోపాలరావు గారు టిఫినుకి పావుగంట వాయిదా వేసి, ఉప్మా ప్లేటు కోసం తనే వంటింట్లోకి వచ్చారు.

ఇద్దరు అటు, శ్యామసుందరీ మీరూ ఇటు, సమానమైతే బిల్లు వీగిపోతుందని మీ పుస్తకంలోనే ఉంది కదా అని శేషుకుమారి గారు అడిగారు. ఉందన్నారాయన. మరైతే భయం లేదుగా అన్నారావిడ. ఆయన ఉప్మాలో జీడిపప్పు ఏరుకున్నారు.

"చూడు, అధ్యక్షుడి ఇంటి మడి కాబట్టి బిల్లు పోయిందని నలుగురూ అంటారు. అందుకని బాగా ఆలోచించాను. నా ఓటు నీ గోంగూరకి వేస్తాను. నీ ఓటు బిల్లుకి వేస్తాను. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు."

ఆవిడ స్టవ్ తగ్గించి అటు తిరిగారు. "నా ఓటు నా మడి మీదకే వేస్తారా?"

"అది ప్రాక్సీ. ఎట్టా వెయ్యాలన్నది నా అంతరాత్మ."

"అయితే నేనే వచ్చి కూర్చుంటా."

"ఎట్టా వస్తావు? నువ్వు దేశంలో లేవు. మూడేళ్ళ రికార్డు ఉంది. విదేశాల నుంచి వచ్చే సభ్యుడు సభావస్త్రం వేసుకుని వీధి వాకిట్లోంచి రావాలి. వంటింట్లోంచి వచ్చేది టిఫినే," అన్నారాయన. వెటకారం కాదు. ఆ మనిషికి వెటకారం రాదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఇంకో గరిటెడు ఉప్మా వేయించుకుని వెళ్ళి బస్తా మీద కూర్చున్నారు.

కంచే చేను మేస్తే కాపు ఏమి చేయగలడు అంటారు. శేషుకుమారి గారికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గోంగూర గురించే అయితే కోపం ఒక్కటే వచ్చేది. తను లేకుండానే తన ఓటు పడుతుంది, తన మీదే పడుతుంది, పైగా అందరూ తన కాఫీ తాగుతూ వేస్తారు. మూడేళ్ళూ నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. పోపు వెయ్యని సాంబారు కింద స్టవ్ ఆర్పేసి, కొంగుకి చేతులు తుడుచుకున్నారు.

సభావస్త్రం అంటే అంచుకి తెల్ల దూది కుట్టిన ఎర్ర శాలువా. ఐదూ కుట్టింది ఆవిడే. ఆవిడది బీరువాలో లేదు. నాలుగు రాత్రులుగా గోంగూర మీద కప్పుతున్నారు, ఈ పొద్దున టిఫిను హడావిడిలో తియ్యనే లేదు. పెరటి తలుపు తీసుకుని నేరుగా కుర్రాళ్ళ సభ మధ్యలోంచి నడిచారు. పెద్దల సభ సభ్యులు వస్తే వాళ్ళు టోపీలు తీసి లేచి నిలబడాలి. లేస్తే ఆవిడ విదేశాల్లో లేనట్టు అవుతుంది. సగం మంది లేచారు, సగం మంది లేవలేదు, సాసేజీలు మాడాయి.

"ఆంటీ, బట్ యు ఆర్ ఇన్ ఇండియా," అన్నాడు ఆదిత్య పాపం, నిజంగానే కంగారుపడి.

ఆవిడ శాలువా ఎత్తారు. కింద కాయలు పచ్చగా, నూగుతో, బాగానే ఉన్నాయి. శాలువా దులిపి, మంచుకి తడిసిన దాన్ని అలాగే భుజాన వేసుకున్నారు. లోపలికి వెళ్ళి మెట్ల కింద అలమరలోంచి సూట్‌కేసు లాగారు. మూడేళ్ళ నాటి ఎయిర్‌పోర్టు చీటీ పిడికి ఇంకా అంటుకునే ఉంది. వీధి తలుపు తీసి బయటికి నడిచారు. ఎదురింటావిడ చెత్తడబ్బా తోసుకుంటూ ఆగి, హ్యావ్ ఎ గుడ్ ట్రిప్ అంది. శేషుకుమారి గారు థాంక్యూ అని, పదడుగులు వెళ్ళి, వెనక్కి తిరిగి, సూట్‌కేసు చక్రాలు గడగడలాడుతుండగా గరాజ్ వైపు వచ్చారు.

లోపల ఓటింగ్ మొదలైంది. శ్యామసుందరి గారు అసమ్మతి. పాండురంగ గారు సమ్మతి. బ్రహ్మయ్య గారు సమ్మతి. గోపాలరావు గారు అసమ్మతి అని, జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి, "విదేశాల్లో ఉన్న శేషుకుమారి గారి తరఫున..." అన్నారు. షట్టరు మీద దబదబా బాదిన చప్పుడు. బ్రహ్మయ్య గారు ఉలిక్కిపడి రిమోట్ నొక్కారు. షట్టరు పైకి లేస్తుంటే ముందు చక్రాలు కనిపించాయి, తర్వాత చీర అంచు, తర్వాత తడి శాలువా, చివరికి మనిషి.

ఆవిడ సూట్‌కేసు లాక్కుంటూ వచ్చి, ఏడేళ్ళుగా తన పేరున ఉన్న మడత కుర్చీని తనే విప్పుకుని కూర్చున్నారు. గోపాలరావు గారి చేతిలో కాగితం అలాగే ఉంది. విదేశాల నుంచి వచ్చినవాళ్ళని అధ్యక్షుడు పలకరించాలని పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉంటే ఆయన చెయ్యకుండా ఉండలేరు.

"సభ్యురాలికి స్వాగతం. ప్రయాణం బాగా జరిగిందా?" అన్నారు.

"దగ్గరేనండీ. వంటింట్లోంచి ఇక్కడికి. మూడేళ్ళు పట్టింది."

గోపాలరావు గారు ఆ కాగితం వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. అప్పటిదాకా తను చేసింది ఏమిటో ఆయనకి నిజంగా తట్టలేదు. ఆ నిమిషాన తట్టింది. చెవులు శాలువా కన్నా ఎర్రబడ్డాయి. కాగితాన్ని మెల్లగా చింపి బియ్యం బస్తా పక్కన పెట్టారు. శేషుకుమారి గారు అసమ్మతి అన్నారు. మూడుకి రెండు. బిల్లు వీగిపోయింది. గోడ అవతల ఆదిత్య ఫోన్లో లారీ వద్దని చెప్పడం అందరికీ వినిపించింది. అయినా శ్యామసుందరి గారూ పాండురంగ గారూ దూతలుగా వెళ్ళి మూడుసార్లు వంగి చెప్పేదాకా ఆగి, అప్పుడే విన్నట్టు కుర్రాళ్ళందరూ ఆశ్చర్యపోయారు.

పన్నెండున్నర అయింది. రావాల్సిన సాంబారు వాసన రాలేదు. పాండురంగ గారు వంటింటి వైపు చూసి, శేషుకుమారి గారి వైపు చూశారు. ఆవిడ హాజరు చిట్టా తిరగేస్తున్నారు. బ్రహ్మయ్య గారు కూడా కళ్ళు తెరిచారు. చివరికి గోపాలరావు గారు లేచి, ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి, సంతకం చేసి, భార్య చేతిలో పెట్టారు. తన ప్రాక్సీ. ఆ తర్వాత కూర్చున్న బస్తానే భుజాన వేసుకుని, కాస్త తూలుతూ, పసుప్పచ్చ టేపు దాటి లోపలికి వెళ్ళారు.

భోజనాలు మూడింటికి అయ్యాయి. అన్నం ముద్దయింది, సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది, ఎవరూ నోరెత్తలేదు. తర్వాత శ్యామసుందరి గారు మళ్ళీ హాజరు పిలిచారు. గోపాలరావు గారి పేరు దగ్గర, వంటింట్లో గిన్నెల మధ్య నుంచి "ఇక్కడే ఉన్నా" అని గొంతు వినిపించింది. హద్దు అవతలి మాట సభకి వినపడదు.

"విదేశాల్లో ఉన్నారు. సభ మన్నించాలి," అన్నారు శేషుకుమారి గారు.

సభ మన్నించింది. శ్యామసుందరి గారు పెన్ను పట్టుకుని చివరి పేరు పిలిచారు. సాయంత్రం ఐదయ్యేలోపు సభ ముగించాలి, చలి దిగకముందే ఈ శాలువా మడి మీద కప్పాలి అనుకుంటున్న శేషుకుమారి గారు, తన పేరు విని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఉన్నాను," అన్నారు.