వియ్యంకుల స్కాచి

దినమెల్ల నెడతెగక వర్షించి యలసిన శ్రావణమేఘములు పశ్చిమదిక్కున నొకింత విచ్చి యస్తమింపబోవు భాస్కరునకు ద్రోవ విడువగా నా నీరెండ విశాఖపట్టణ సాగరతీరమున దడిసిన సౌధాగ్రములను విద్యుత్తంతులకు వ్రేలాడు నీటిబిందువులను నల్లని తారుబాటలను నొక్కమారుగ సువర్ణరంజితములు గావించెను. అట్టి సంధ్యాసమయమున నొక భవనపు మూడవ యంతస్తున, ఉద్యోగవిరమణ మొందిన నౌకాశ్రయపు ఇంజనీరు త్రివిక్రమరావు బాల్కనీలో వెదురుకుర్చీ వైచుకొని యేకాకియై కూర్చుండి స్కాచి సీసా మూత విప్పుచుండెను. భార్య గతించి యారేండ్లయ్యెను. కుమారుడు ప్రణవుడు పూనా నగరమున నుద్యోగి.

అది ధనికుల బీరువాలలో దర్పమొలికించు సీసా కాదు. పింఛనుదారుడు సైతము సందేహింపక కొనదగిన సాధారణపు సింగిల్ మాల్టు విస్కీ. పొగవాసన లేదు. గొంతు గీరుట లేదు. గ్లాసులో నంగుళము పోసి చెంచాడు నీరు చేర్చినంతనే తేనె వాసనయు బేరిపండు వాసనయు గలసి మెల్లగా లేచును. నాలుకపై బండిన సపోటావలె గరగి లోనికి దిగిన పిదప నెదలో జిన్న కుంపటియై నిలుచును.

దాని రుచి రావునకు జూపినవాడు రాజమహేంద్రవరవాసియైన సోమసుందరము. ఆతని కూతురు వైదేహిని ప్రణవున కిచ్చి పెండ్లి చేసిన యేటి వేసవిని వియ్యంకులిద్దరును డాబాపై జేరినపు డాతడు నవ్వుచు నిట్లనెను.

“ఇది మనబోటి పెద్దమనిషండీ బావగారూ. డాబుసరి లేదు, గొంతు పట్టుకోదు. పక్కన కూర్చుని మన మాటలు విని పోతాది.”

నాలుగేండ్లు వారట్లే కలిసికొనుచు ద్రావుచు ముచ్చటించుచు నుండిరి. పిమ్మట బిడ్డలకు బొసగక న్యాయస్థానము దంపతుల విడదీసెను. సామానులు తిరిగి వచ్చెను, ఛాయాచిత్రములు గోడ దిగెను. తీర్పునాడు న్యాయస్థానపు వరండాలో నెదురుపడిన తండ్రులిద్దరును నేల చూచుచు దొలగిపోయిరి. నాటికి నేటికి బదునాలుగు మాసములు.

రావు మొదటి గుక్క త్రావెను. రుచి మారలేదు, బాగున్నదని చెప్పుటకు మనుష్యుడు లేడయ్యెను. చాలసేపు తటపటాయించి తుదకు ఫోను చేత గొనెను. బావగారూ యని పిలుచుటకు హక్కు లేదు, పేరు పెట్టి పిలుచుటకు నోరు రాదు.

“హలో, ఎవరండీ?” యని యవ్వల సోమసుందరము.

“నేనండీ, త్రివిక్రమరావుని.”

పిదప నా కంఠము తగ్గిన స్వరముతో “బాగున్నారా అండీ? ఒక్కరేనా?” యని యడిగెను.

“ఒక్కణ్ణే. మన సీసా తీశాను.”

“నీళ్లు చెంచాడేగా పోశారు?”

“చెంచాడే.”

“అంతేనండి. ఎక్కువైతే పాడైపోద్ది, బావగా...”

మాట పూర్తి కాకమున్నే యవ్వలి గదినుండి వైదేహి “ఎవరు నాన్నా?” యనుట వినవచ్చెను.

“ఎవరో లేమ్మా. రాంగ్ నంబరు.”

ఫోను మూగవోయెను.

రావునకు గోపము రాలేదు. గాయపడిన కూతురు గుమ్మమున నిలిచియుండగా దానైనను మరియొక మాట యాడియుండడు. అయినను గన్నులు చెమర్చెను. సగము తెగిన యా సంబోధనమును జెవి యందు నిలుపుకొని మిగిలిన గుక్కను నోటనుంచుకొని చాలసేపటికి గాని మ్రింగడయ్యెను.

బిడ్డల ముడి విప్పుటకు న్యాయస్థానము గలదు. ఆ ముడి చాటున దమంత దామల్లుకొన్న స్నేహమును విప్పుటకు గాని తిరిగి కట్టుటకు గాని యే యధికారికిని జేతగాదు. వెలుగు తగ్గుచున్న సముద్రముపై వేటకు బోవు పడవలు ఒండొంటికి దూరముగ, ఒక్కొక్కటి యొక్కొక్క దీపముతో, ఒక్క దిక్కునకే సాగిపోవుచుండెను.