బజారు కింది వాగు

నర్మద గొంతుకు మైకు అక్కర్లేదని ఇబ్రహీంపట్నం మార్కెట్లో అందరికీ తెలుసు. కర్రీ పాయింట్ గల్లా దగ్గర నిలబడి ఆమె "పప్పుచారు ఒడిసింది, ఇంక లేదు" అని అరిస్తే సాగర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తలతిప్పి చూసేవారు. డిగ్రీ చదివి కొన్నాళ్లు ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసింది. ఇంకొకరి కింద పనిచేయడం తన ఒంటికి పడదని తేల్చుకుని, చనిపోయిన మామ కట్టించిన రేకుల షెడ్డులో పొయ్యి వెలిగించింది. పెట్టిన ఏడాదిలోపే మార్కెట్టులో సగం మంది మధ్యాహ్నం కూర ఆమె దగ్గరి నుంచే పోయేది. చేపట్టిన పని కాకుండా పోతుందేమోనన్న బెంగ ఆమెకు ఎన్నడూ లేదు.

ఆ ఆగస్టులో వాన పట్టుకుని వదల్లేదు. చివరికి ఒక పొద్దున తెరిపి ఇచ్చింది. నర్మద బగోనలో వంకాయలు వేస్తుండగా బయట పెద్ద చప్పుడైంది. వెంటనే ఒక ఆడమనిషి కేక.

"వాయ్యో! నా చంద్రి పోయిందే!"

పాలమ్ముకునే సుక్కమ్మ గొంతు అది. ఆమె తన రెండు బర్రెలను చెరువు దిక్కు మేతకు తోలుకుపోతూ రోజూ మార్కెట్టు సందులోంచే వెళుతుంది. నర్మద గంటె పక్కన పెట్టి పరిగెత్తింది. టిఫిన్ హోటల్ ముందు రోడ్డు మధ్యలో మురుగు పారే మోరీ మీది బండ కూలి నల్లటి బొంద తెరుచుకుని ఉంది. ఒక బర్రె బెదిరి గోడకు ఆనుకుని నిలబడింది. నొసట తెల్లమచ్చ ఉండే చంద్రి మాత్రం లేదు. బొందలో వాననీళ్లు సుడులు తిరుగుతూ కిందికి పోతున్నాయి.

"పడ్డంక లేవలేదా?" అంది నర్మద.

"లేసింది బిడ్డా. లేసి, బెదిరి, లోపటికే ఉరికింది. చీకట్లకి ఉరికింది!" సుక్కమ్మ నెత్తి కొట్టుకుంది.

మార్కెట్టులో కుర్రవాళ్లకు అది మోరీ మాత్రమే. నిజానికి అది ఎర్రవాగు. ఎగువ చేలల్లోంచి ఊరి నడుమ పారుతూ చెరువులో కలిసేది. ఒకరు నడవడానికని ఒక బండ వేశారు, ఇంకొకరు డబ్బా పెట్టుకోవడానికని ఇంకో బండ. డబ్బాలు షెడ్లయ్యాయి, షెడ్లు దుకాణాలయ్యాయి. ఇళ్ల పైపులన్నీ అందులోకే తిరిగాయి. అలా అలా వాగు కళ్ల ముందు నుంచి మాయమై, కాళ్ల కిందికి పోయింది. కొత్త కోడలిగా ఆ వాగులో బట్టలు ఉతికిన సుక్కమ్మకు కూడా ఇప్పుడది ఏ దుకాణం కింద ఎటు మళ్లుతుందో చెప్పరాదు.

మున్సిపాలిటీలో మోరీలు తీసే ఎల్లేశ్ అప్పటికే అంగీ విప్పేశాడు. నడుముకు తాడు కట్టుకోబోతుంటే నర్మద ఆ తాడు గుంజుకుంది.

"ఏం చేస్తున్నవ్?"

"దిగుత అక్కా. మేం దిగుడు కొత్తనా?"

"లోపల ఏం గ్యాసున్నదో ఎవనికి ఎరుక? నువ్వు దిగవ్ ఎల్లేశా. ఈ బజార్ల ఎవ్వరూ దిగరు."

"మరి బర్రె?"

"బర్రెను పైనుంచే తీద్దాం. ముందుగల అది యాడున్నదో దొరకవట్టాలె."

ఎలా దొరకబట్టాలో ఆమెకూ ఆ క్షణాన తెలియదు. అయితే ఆమె తీరే అంత, మాట ముందు నడిచేది, ఉపాయం వెనక పరిగెత్తుకొచ్చి కలిసేది. ఆ పూటా కలిసింది. పక్కనే టమాటాలమ్మే ఆటో ఒకటి రికార్డు పెట్టి మోగుతోంది. నర్మద ఆ మైకు అందుకుంది.

"అన్నలూ, అక్కలూ, జర ఇనున్రి! సుక్కమ్మ పెద్దమ్మ బర్రె మోరీల పడ్డది. బండ్లు బంద్ చెయ్యిన్రి. జనరేటర్లు, పాటలు, అన్ని బంద్. బర్రె ఒర్రితే మనకు ఇనవడాలె!"

ఒక ఆటో ఆగింది. దాని వెనక ఇంకొకటి. చెరుకురసం మిషన్ నిలిచింది, సెల్‌ఫోన్ దుకాణంలో పాట ఆగింది. బేరాలు చేసేవాళ్లు చేతిలో బీరకాయలతో అలాగే నిలబడిపోయారు. ఆ బజారు పట్టపగలు నోరు మూసుకోవడం ఎవరూ ఎరగరు.

అప్పుడు వినబడింది. బర్రె కాదు, నీళ్లు. కాళ్ల కింద, బండల కింద, వాళ్ల దుకాణాల కింద గలగలమని ఒక వాగు పారుతున్న చప్పుడు. నర్మద తన కాళ్ల కిందికి చూసుకుంది. ఇన్నేళ్లు దీని మీద నిలబడి కూరలమ్మింది.

"చంద్రీ! హో... చంద్రీ!" సుక్కమ్మ పిలిచింది.

ఎక్కడో కింది నుంచి మూలుగులాంటి అరుపు వచ్చింది. జనమంతా అటు కదిలారు. సుక్కమ్మ పిలవడం, అందరూ ఊపిరి బిగబట్టడం, బర్రె పలకడం. చెప్పుల దుకాణం దాటారు. చర్చి గోడ పక్కన పాస్టర్ సాల్మన్ రాజు తానే గేటు తీసి, "ఇటు రాన్రి, ఈడ ఇంకా మంచిగ ఇనవడ్తుంది" అన్నాడు. అక్కడి నుంచి అరుపు కుడిచేతికి మళ్లింది. రాంచంద్ర సెల్‌ఫోన్ దుకాణం దగ్గరికి వచ్చేసరికి గట్టిగా వినబడింది. ఇక ముందుకు జరగలేదు.

రాంచంద్ర తన దుకాణం గడపకు అడ్డంగా నిలబడ్డాడు. "గ్రానైట్ ఏయించి నెల గాలేదు. నా దాంట్ల చెయ్యి వెట్టొద్దు."

"నీ గ్రానైటెవరికి గావాలన్నా," అంటూ నర్మద పక్కనే ఉన్న తన షెడ్డులోకి పోయింది. వంటగది నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. కింద బుసలు కొడుతున్న ఊపిరి చక్కగా వినబడింది. లేచి చేతులు దులుపుకుంది.

"నా పొయ్యి కిందనే ఉన్నది."

మొగుడు క్రాంతికుమార్‌కు ఫోన్ చేసింది. అతను మన్నెగూడ దిక్కు ఒక వెంచర్లో జేసీబీ నడుపుతాడు.

"ఏమయ్యా, జేసీబీ తీస్కోని రా. మన షెడ్డు కూలగొట్టాలె."

అవతల జేసీబీ ఇంజన్ ఆగింది. "మన షెడ్డా?"

"అవ్. వెనక సగం. తొందరగ రా, బర్రె నీళ్లల్ల ఉన్నది."

మారు ప్రశ్న వేయకుండా అతను బయలుదేరాడు. ఆ వచ్చేలోపు నర్మద అందరికీ పని పురమాయించింది. ముందు సిలిండర్లు దూరంగా మోయించింది. పప్పు, చారు, సగం ఉడికిన వంకాయలు రోడ్డు మీదికి చేరాయి. పైన రేకులు ఊడదీశారు. క్రాంతికుమార్ వచ్చి, తండ్రి కట్టిన గోడను ఒకసారి అరచేత్తో తడిమి, బండి ఎక్కాడు. బర్రె మీద పెళ్లలు పడకుండా అంచు నుంచి కొద్దికొద్దిగా నేలను పెకిలించాడు.

గుప్పుమని కంపు కొట్టింది. నర్మద అందరినీ దూరం నెట్టి, గాలి ఆడేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత తనే ముక్కుకు కొంగు చుట్టుకుని తొంగిచూసింది. కడుపులోతు నీళ్లలో చంద్రి వణుకుతూ నిలబడి ఉంది. దాని ముందు చెత్త అడ్డం. చిరిగిన బొంతలు, ప్లాస్టిక్ సంచులు, థర్మాకోల్. ఆ చెత్తనంతా పట్టుకుని వాగు నట్టనడుమ ఒక సిమెంటు పిల్లర్. దాని పైన ఆమె వంటగది గోడ.

రాంచంద్ర కూడా తొంగిచూశాడు. "ఏటా వానొస్తే బజార్ల నీళ్లెందుకు నిలుస్తున్నయో ఇయ్యాల తెలిసింది, చెల్లె," అని నవ్వాడు.

ఏటా నీళ్లు నిలిచాయని మున్సిపల్ ఆఫీసుకు పోయి అందరికంటే ముందు కొట్లాడేది నర్మదే. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె మొహం వైపే చూస్తున్నారు.

"తెలిసింది గదా, మంచిగైంది. పిల్లర్ గూడ తీసేద్దాం," అంది నర్మద తల దించకుండానే. "ముందుగల బర్రెను లేపున్రి."

ఎల్లేశ్ గుంత అంచున బోర్లా పడుకుని, కొక్కెం ఉన్న పొడుగు కర్రతో వెడల్పాటి బెల్టులను బర్రె పొట్ట కింది నుంచి అవతలికి తెచ్చాడు. సుక్కమ్మ పైనుంచి దానితో మాట్లాడుతూనే ఉంది. క్రాంతికుమార్ బెల్టులను జేసీబీ తొట్టికి తగిలించి పసిబిడ్డను ఎత్తినట్టు మెల్లగా లేపాడు. చంద్రి గాల్లో ఒకసారి ఊగి, రోడ్డు మీద నాలుగు కాళ్లు ఆనించి, ఒళ్లంతా ఒక్కసారి విదిలించింది. రాంచంద్ర తెల్లంగీ నల్లంగీ అయింది. బజారంతా పడీపడీ నవ్వింది. సుక్కమ్మ ఒక్కతే బర్రె మెడ కావలించుకుని ఏడ్చింది.

మర్నాడు మున్సిపల్ ఇంజనీరు శివాని వచ్చింది. చిన్న వయసు పిల్ల. గుంత చుట్టూ తిరిగి చూసి, కొత్త స్లాబ్ తొందరగానే వేయించవచ్చని చెప్పింది.

"ఎయ్యొద్దు మేడం," అంది నర్మద. "పిల్లర్ తీసి, రెండు దిక్కుల గోడ కట్టి, పైన తెరిసేటట్టు ఇనుప జాలీ పెట్టున్రి. చెత్త చిక్కితే మిషన్‌తోని తియ్యొచ్చు, ఎల్లేశ్ అసొంటోళ్లు దిగే పని ఉండదు."

"వాసన వస్తుంది కదా అక్కా."

"రానీ. వాసనొస్తెనే మనం ఊకోం. ఇండ్ల పైపులు వాగులకెల్లి వేరే దిక్కు మలపమని మీ ఎంటపడ్తం. మల్ల మూసినమనుకో, మర్సిపోతం."

శివాని గుంత అంచు నుంచి గల్లా దాకా అడుగులతో కొలిచింది. "మీ జాగ సగం పోతుంది," అంది.

"అది నా జాగ గాదు మేడం. వాగుది."

చెప్పడం తేలికే. ఆ రాత్రి అన్నం దగ్గర క్రాంతికుమార్, "నాయిన ఎంత కష్టపడి కట్టిండు," అన్నాడు మెల్లగా. నర్మద అతని కంచంలో ఇంకొంచెం కూర వేసింది. "అవ్. అందుకే పిల్లర్ అంత గట్టిగున్నది," అంది. అతనికి నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వి, మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఆ పొయ్యి దగ్గరే కదా ఆమె ఒకరి కింద లేకుండా తన కాళ్ల మీద నిలబడింది.

వంట ముందు సగంలోకి మారింది. ఇరుకైంది, కూరలు తగ్గలేదు. పిల్లర్ పోయింది, జాలీ వచ్చింది. వాసన గురించి తిట్టినవాళ్లు తిట్టారు. నర్మద వాళ్లనే వెంటబెట్టుకుని పైపుల సంగతి అడగడానికి ఆఫీసుకు పోయింది.

సెప్టెంబర్ చివర్లో కుండపోత కురిసింది. అలవాటు కొద్దీ దుకాణాలవాళ్లు సామాన్లు ఎత్తుమీద పెట్టుకున్నారు. నీళ్లు వచ్చాయి, సందులోంచి జరజరా పారాయి, జాలీ కింద హోరుమంటూ చెరువు దిక్కు పోయాయి. వాన వెలిసేసరికి రోడ్డు మీద బురద తప్ప ఏమీ లేదు. ఒక్క రాంచంద్ర దుకాణం గడప ముందు మాత్రం నీళ్లు మడుగు కట్టి నిలిచాయి. అతని గ్రానైట్ కింద బండలు వంగి, వాగుకు ఓ పక్క అడ్డం పడి ఉన్నాయి.

సాయంత్రం అతను టిఫిన్ డబ్బా పట్టుకుని కర్రీ పాయింట్ దగ్గర నిలబడ్డాడు. పప్పు పోయించుకున్నాడు. అయినా కదల్లేదు.

"చెల్లె, క్రాంతికి ఆదివారం తీరికున్నదా?"

"ఎందుకన్నా?"

"ఎందుకో నీకెరుక లేదా? నా నోటితోని అనిపియ్యకు."

నర్మద డబ్బా మూత గట్టిగా బిగించి అతని చేతిలో పెట్టింది.

"వస్తడు. శనివారం నాటికి సామానంత బయట వెట్టుకో. గ్రానైట్ గూడ మంచిగ ఊడదీయించుకో, ఇంకోకాడ పనికొస్తది."