ఏనుగు చెట్టు మలుపు

మా ఆయన పడవ నడుపుతారు, మా మరిది మాట్లాడతాడు, నేను వండుతాను. పడవ ఎక్కినవాళ్ళకు కనిపించేది ఇదే. అసలు సంగతి వేరు. పడవను నడిపేది మా మరిది మాటలు. మా ఆయనకు కళ్ళు కనిపించవు.

బొత్తిగా కనిపించవని కాదు. వెలుగూ నీడా తెలుస్తాయి. ఎదురుగా, దగ్గరగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కాస్త కనిపిస్తుంది. పక్కలు మాత్రం చీకటి. కంటి నరం దెబ్బతిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలిందైనా నిలబెట్టుకోవాలంటే చుక్కలు వేసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ ఈయన నన్ను అడిగిన మొదటి మాట, "రేపు పడవుంది కదా, కూరగాయలు తెచ్చావా?" అని. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను కూడా.

పోట్లాడలేదా అంటే, పోట్లాడాను. "ఎక్కినవాళ్ళ ప్రాణాలతో ఆటలాడతారా?" అన్నాను.

"ఈ వానాకాలం దాకా చూద్దామే. నది నాకు తెలుసు. చక్రం వదిలేస్తే ఇంక ఇంట్లో గోడలు తడుముకుంటూ కూర్చోవాలి నేను," అన్నారు.

మీసాలు సరిగ్గా రాకముందు పట్టుకున్న చక్రం అది. దాన్ని వదిలాక ఆయన ఏమవుతారో నాకూ తెలియదు. అందుకే నోరు మూసుకున్నాను. ఆ వానాకాలం వచ్చింది, వెళ్ళింది, ఇంకోటి కూడా వచ్చి వెళ్ళింది. నేను చేయగలిగిందల్లా ఎక్కినవాళ్ళందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, బెల్టులు ఊపిరాడనంత బిగించడం. "ఈ పడవలో భద్రత బ్రహ్మాండం," అని మెచ్చుకుని వెళ్తుంటారు జనం. విన్నప్పుడల్లా తలెత్తుకోలేకపోయేదాన్ని.

రేవు నుంచి ఎగువకు, రెండు ఒడ్డులూ అడవే. చెట్లు నీళ్ళ మీదకి వంగి ఉంటాయి, వేళ్ళు ఒడ్డు దిగి నీళ్ళలోకి వచ్చేస్తాయి. చివర్న నది మీదే బతికే మనుషుల పల్లె. వాళ్ళు చేసే దోనెలు, అల్లే చాపలు చూడ్డానికి జనం వస్తారు. దారి పొడుగునా ఇసుక మేటలు, మునిగిన మొద్దులు, మలుపులు. ముందు భాగంలో మైకు పట్టుకుని మరిది నిలబడతాడు. వెనక చక్రం దగ్గర ఆయన. ఆయన వెనకాలే నడుమెత్తు చెక్క అడ్డం, అటువైపు నా గ్యాసు పొయ్యి.

"కుడివైపు చూడండి, ఒడ్డున మొసలి ఎండ కాగుతోంది," అంటాడు మరిది. అంటే కుడివైపు మేట వేసింది, ఎడమకు జరుగు అన్నయ్యా అని. "ఎడమవైపు నీటికాకుల గుంపు," అంటే అటు మొద్దు ఉంది. "ఇక్కడ నది వెడల్పు, హాయిగా గాలి పీల్చుకోండి," అంటే తిన్నగా పోనీ. మొసలి ఉంటే సరే. లేకపోతే పుట్టించాలి కదా! జనం మెడలు సాచి ఎక్కడ ఎక్కడ అంటారు. "అయ్యో, నీళ్ళలోకి జారిపోయింది," అంటాడు. లేని పక్షులు, లేని మొసళ్ళు, లేని నీటికుక్కలు. అబద్ధాల గైడు అని పేరు పడింది పాపం, అసలు నోట్లో నాలుక లేని మనిషికి.

అన్నిటికంటే పెద్ద అబద్ధం ఏనుగు చెట్టు. ఒక పెద్ద మలుపు దగ్గర తొండం చాపినట్టు కొమ్మతో ఉండేది. మా ఆయన చక్రం పట్టడం నేర్చుకున్నది ఆ చెట్టును గురి పెట్టుకునే. నిరుడు వరదలో వేళ్ళతో సహా కొట్టుకుపోయింది. మరిది ఆ మాట అన్నకు చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. "ఆయనకు మనసులోనైనా కనిపించేవాటిలో అదొక్కటే మిగిలింది వదినా," అన్నాడు. అయినా ఆ మలుపు దగ్గర, "కుడివైపు చూడండి, ఏనుగు చెట్టు," అంటూనే ఉంటాడు. జనం ఖాళీ ఒడ్డుకేసి చూసి మొహాలు చూసుకుంటారు.

ఈ వాగుడంతా వాగి మరిది ఇంటికెళ్ళి ఒక్క మాట మాట్లాడడు. గొంతు బొంగురుపోయి ఉంటుంది. "నాన్న నాతో మాట్లాడడు పెద్దమ్మా, నా మీద కోపమా?" అని వాళ్ళ కూతురు నన్ను అడిగింది. ఏం చెప్పను? నీకు దక్కాల్సిన మాటలన్నీ నదిలో పోస్తున్నాడు మీ నాన్న అని చెప్పనా? జడ వేసి పంపించాను.

మొన్న వచ్చినవాళ్ళు ఒక బృందం. వాళ్ళ పెద్ద, రిటైరైన సంగీతం టీచరు. తెల్లటి జుట్టు, సన్నటి గొంతు. టోపీ పెట్టుకున్న ఒకాయన మాత్రం ఎక్కడమే చిరాగ్గా ఎక్కాడు. "మీ గైడు సంగతి నెట్‌లో చదివే వచ్చాంలే. లేనివి కూడా చూపిస్తాడట కదా!" అన్నాడు, నేను బెల్టు బిగిస్తుంటే. ఇంకో రెండు పట్లు బిగించాను.

రేవు దాటామో లేదో టీచరమ్మ లేచి మరిది దగ్గరికి వెళ్ళింది. "బాబూ, ఏమనుకోకు. మైకు ఆపేస్తావా? మేం అడవిని వినడానికి వచ్చాం. ఈ పడవ ఓనరుతో ముందే ఫోనులో మాట్లాడాను, సరే అన్నారు."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మరిది మైకు వదల్లేదు.

"కొంచెం మెల్లిగా చెప్తానమ్మా, మధ్యమధ్యలో."

"అస్సలు వద్దయ్యా," అన్నాడు టోపీ ఆయన. "మేం చూసుకుంటాం మా కళ్ళతో."

కాదంటే ఎందుకని అడుగుతారు. మరిది మైకు కింద పెట్టాడు. వెనక్కి, నా వైపు చూశాడు. చెయ్యి నడుం దగ్గర పెట్టుకుని వేళ్ళు ఎడమకు ఊపాడు. అంత దూరంలో చెయ్యి మా ఆయనకు కనిపించదు, నాకు కనిపిస్తుంది. మొదట గిన్నె మీద గరిటెతో కొట్టాను, ఎడమకైతే ఒకసారి, కుడికైతే రెండుసార్లు అన్నట్టు. "అమ్మా, ఆ గిన్నెలు కాస్త!" అని అటునుంచి కసురుకున్నారు. ఇంక చేసేదిలేక పొయ్యి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. రెండు చేతులూ ఆయన భుజాల మీద వేశాను.

"ఏమైందే?"

"మైకు వద్దన్నారు. ఎటు నొక్కితే అటు తిప్పండి."

మరిది వేళ్ళు ఎడమకు ఊపితే ఎడమ భుజం నొక్కాను, కుడికి ఊపితే కుడి భుజం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పడవలో ఆయన్ని ముట్టుకున్నది లేదు. ఎప్పుడూ వీపులు ఆనించుకుని, మధ్యలో చెక్క అడ్డం పెట్టుకుని పని చేసుకోవడమే. ఆ భుజాలు బండలా బిగుసుకుని ఉన్నాయి. రోజూ ఇలాగే ఉంటాయా అనుకుంటే నాకు దుఃఖం వచ్చింది.

మైకు లేకపోయేసరికి అడవి వినబడటం మొదలుపెట్టింది. ఒక పిట్ట అడుగుతున్నట్టు కూస్తే ఎక్కడో దూరంగా ఇంకోటి జవాబిచ్చింది. ఆకుల్లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. పడవలో అందరూ కిమ్మనకుండా కూర్చున్నారు. ఈ నదిలో ఇన్నేళ్ళు తిరిగి నేను విన్నది తాలింపు చిటపటలు, మరిది గొంతు, అంతే.

పెద్ద మలుపు వచ్చింది. మరిది చెయ్యి ఎడమకు ఊపాడు. నొక్కాను.

"ఏనుగు చెట్టేనా?" అన్నారు ఆయన, మెల్లగా.

"ఊఁ," అన్నాను. కుడివైపు విరిగిపడిన మట్టి గట్టు ఉంది, దాని మీద ఎండ ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

మలుపు దాటాక నది వెడల్పయింది. మరిది పడవ ముందు భాగంలో చెక్క మీద కూర్చున్నాడు, వీపు మాకు పెట్టి. చెయ్యి ఊపలేదు. తిన్నగా పోవాలి కాబోలని నేనూ ఊరుకున్నాను. చల్లగాలి వేస్తోంది. చాలాసేపు చెయ్యి కదల్లేదు. అప్పుడు చూశాను, తల ఒక పక్కకు వాలిపోయి ఉంది.

నిద్రపోతున్నాడు. మాట్లాడాల్సిన పని లేకపోయేసరికి, పాపం, కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చింది.

ముందు నీళ్ళలో ఏవో నల్లగా తేలుతున్నాయి, మొద్దులో నీడలో. ఏ భుజం నొక్కాలి? నది చూడటం నాకెక్కడ వచ్చు!

"మీ తమ్ముడు నిద్రపోయాడండీ," అన్నాను ఆయన చెవిలో. "అరవనా?"

ఆయన చెయ్యి చాచి ఇంజను ఆపేశారు. "వద్దు. లేపకు. పడుకోనీ."

పడవ మెల్లగా పక్కకు కొట్టుకుపోయి, గరగరమని ఇసుక మేట మీద ఆనుకుంది. అంతే, ఎవరికీ ఏమీ కాలేదు. కావాలనే ఆపామనుకుని టీచరమ్మ చేతులు జోడించింది, కళ్ళు మూసుకుంది.

ఆయన చక్రం వదిలారు. ఇంజను తాళం తీసి నా చేతిలో పెట్టారు. సీట్లు పట్టుకుంటూ, ఒక్కో వరస తడుముకుంటూ, పడవ మధ్యకు నడిచారు. ఆ నడక చూడగానే కొందరికి అనుమానం వచ్చినట్టుంది.

"అమ్మా, అయ్యా," అన్నారు. "గట్టిగా మాట్లాడను, మా తమ్ముడు పడుకున్నాడు. నాకు కళ్ళు సరిగ్గా కనిపించవు. వాడు మైకులో చెప్పేది మీకు కాదు, నాకు. నాకోసమే వాడు మీ ముందు అబద్ధాలకోరు అయ్యాడు. తప్పు నాది. మిమ్మల్ని ఇలా ఎక్కించుకోకూడదు."

టోపీ ఆయన లేచి నిలబడ్డాడు. "గుడ్డివాడివి పడవ నడుపుతావా? ఇంతమంది ప్రాణాలయ్యా! సిగ్గుండక్కర్లేదా?"

"ఉండాలండీ," అన్నారు ఆయన.

నాకు ఒళ్ళు మండింది గానీ ఆ మనిషి అన్న దాంట్లో తప్పేముంది? ఇన్నాళ్ళూ నేను అన్న మాటే కదా. టోపీ ఆయన ఇంకా ఏదో అనబోతుంటే టీచరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ కూడా మా వైపు చూడలేదు. భయపడింది, జాకెట్ బెల్టు ఇంకా బిగించుకుంది.

అప్పుడే ఎగువ మలుపు చాటు నుంచి రెండు దోనెలు వచ్చాయి. పల్లెవాళ్ళు. ముందు దోనెలో ముసలావిడ తెడ్డు పైకెత్తి, "ఏమయ్యా, అందరూ బాగానే ఉన్నారా?" అని కేకేసింది. "వాగుడు పడవ చప్పుడు లేదేంటా అని వచ్చాం. మునిగారేమో అనుకున్నాం!"

ఆ కేకకు మరిది ఉలిక్కిపడ్డాడు. కళ్ళు తెరవకముందే నోరు తెరిచాడు. బొంగురు గొంతుతో, "కుడివైపు చూడండి, నీటికుక్కలు, పిల్లలతో సహా..." అంటూనే లేచి నిలబడ్డాడు, తూలుతూ. అందరూ తనకేసే చూస్తున్నారు. అన్న చక్రం దగ్గర లేడు. నా చేతిలో తాళం ఉంది.

"చాల్లేరా," అన్నారు మా ఆయన. "నువ్వింక మాట్లాడక్కర్లేదు."

మరిది చెక్క మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఏడ్చాడో, అలసటో, నేను అడగలేదు.

పల్లెవాళ్ళు దిగి పడవను నీళ్ళలోకి తోశారు. పల్లె దాకా వెళ్తామా అంటే ఎవరికీ మనసు లేదు. తిరుగు ప్రయాణంలో చక్రం మరిది పట్టుకున్నాడు. మాటలతో అన్నను నడిపి నడిపి నది మొత్తం వంటబట్టింది వాడికి, చేతులే కొత్త. మా ఆయన పడవ ముందు భాగంలో తమ్ముడు కూర్చునే చెక్క మీద కూర్చున్నారు, గాలికి మొహం పెట్టి. ఆయనకు ఏం తోస్తోందో వీపు చూసి నాకేం తెలుస్తుంది? పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. కూర సగం ఉడికి అలాగే ఉంది.

పెద్ద మలుపు దగ్గరికి వచ్చాం. నీళ్ళ చప్పుడు మారినందుకేమో ఆయన తలెత్తారు. మైకు లేకుండానే, వెనక్కి తిరిగి, ఎవరికీ అడ్డు రాకూడదన్నట్టు మెల్లగా అన్నారు.

"ఎడమవైపు చూడండి. ఏనుగు చెట్టు. తొండం నీళ్ళ దాకా ఉంటుంది."

అందరూ ఎడమకు తిరిగారు. మట్టి గట్టు, ఎండ. మరిది చేతులు చక్రం మీద ఆగిపోయాయి. ఆ టోపీ ఆయన నోరు తెరిస్తే చాలు, ఆ చెట్టు కూడా పోతుంది ఈయనకు.

టోపీ ఆయన ఖాళీ గట్టుకేసి చూశాడు. తర్వాత చక్రం దగ్గర మరిదికేసి చూశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కనిపించిందయ్యా," అన్నాడు. "చాలా పెద్ద చెట్టు."

"కదా!" అన్నారు మా ఆయన, సంతోషంగా.

మరిది చక్రం కుడివైపు తిప్పాడు.